ఎవరు నువ్వు, ఎందుకు తీస్తున్నావు? వీధిలో కెమెరా మీద అనుమానం వెనక ఏముంది

ఉదయం ఆరున్నర. రైతుబజారులో ఆకుకూరల మూటలు దించుతున్నారు. మెడలో కెమెరా వేసుకున్న ఒక కుర్రాడు, ఏటవాలు ఎండ బాగుందని, గోంగూర కట్టలు పేరుస్తున్న పెద్దావిడను రెండు ఫొటోలు తీశాడనుకుందాం. మూడోదానికి కెమెరా ఎత్తేలోపు పక్క కొట్టతను లేచాడు. "ఏయ్ బాబూ, ఎవరు నువ్వు? ఎందుకు తీస్తున్నావు?" ఊరికే, సరదాకి అన్నాడు కుర్రాడు. ఆ మాట ఎవరూ నమ్మలేదు. "ఊరికే ఎవరు తీస్తారు? ఏ చానెలు? పర్మిషనుందా?" నలుగురు పోగయ్యారు. "ముందు అవి డిలీట్ చెయ్యి" అన్నారొకరు.

అదే సమయంలో అదే బజారులో ఒకాయన వీడియో కాల్‌లో ఇంటావిడకు టమాటాలు చూపిస్తున్నాడు. ఆ కాల్‌లో పదిమంది మొహాలు పడుతున్నాయి. ఇద్దరు కాలేజీ పిల్లలు సెల్ఫీ తీసుకుంటున్నారు. గేటు పక్క స్తంభం మీద సీసీ కెమెరా అందరినీ రికార్డు చేస్తోంది. వాటి గురించి ఎవరూ అడగలేదు.

ఈ గొడవలో నేను రెండువైపులా నిలబడ్డాను. ఫొటో తీస్తూ మాటలు పడ్డాను. బస్టాండులో మా చెల్లెలి వైపు ఫోను తిప్పి పెట్టినవాణ్ణి నిలదీశాను కూడా. అందుకే ఇందులో ఒకవైపు మొత్తం మూర్ఖత్వమనీ, ఇంకోవైపు మొత్తం స్వేచ్ఛ అనీ చెప్పలేను. కొట్టతను అడిగిన ఒక్క ప్రశ్నలో వేరువేరు భయాలు కలిసిపోయి ఉన్నాయి. ఇది తీయకూడని చోటేమో అన్నది ఒకటి. ఆడవాళ్లనో పిల్లలనో చెడుగా తీస్తున్నాడేమో అన్నది ఇంకొకటి. ఈ ఫొటో రేపు ఎక్కడ తేలుతుందో అన్నది మూడోది. చట్టం వీటిని వేరువేరు గదుల్లో పెట్టింది. వీధిలో మాత్రం మూడూ ఒకే కేకగా బయటికొస్తాయి.

అందరూ వచ్చే చోటు, అందరిదీ అయిన చోటు

బహిరంగ ప్రదేశంలో ఫొటో తీయొచ్చని గానీ, తీయకూడదని గానీ ఒక్క ముక్కలో చెప్పే చట్టం మన దేశంలో లేదు. రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణం ఇచ్చే భావప్రకటన స్వేచ్ఛ కిందికి ఫొటో కూడా వస్తుంది. ఆ స్వేచ్ఛకు ఎక్కడ హద్దులున్నాయో వేరే చట్టాలు చెబుతాయి. అంటే రోడ్డు, సంత, బీచి లాంటి చోట మొదటి మెట్టు "తీయొచ్చు" అన్నదే. "పర్మిషనుందా" అన్న ప్రశ్నకు ఇలాంటి చోట చాలాసార్లు సమాధానమే ఉండదు, ఇచ్చేవాళ్లే ఉండరు కాబట్టి.

కానీ జనం వచ్చే చోటల్లా బహిరంగ ప్రదేశం కాదు. మాల్‌లోకి ఎవరైనా వెళ్లొచ్చు. అయినా అది ఒకరి ఆస్తి, వాళ్ల షరతులు వాళ్లవి. గుడి కూడా అంతే. తిరుమల ఆలయం లోపలికి సెల్‌ఫోను, కెమెరా తీసుకెళ్లనివ్వరు. దానికి క్రిమినల్ చట్టం అక్కర్లేదు, ఆలయ నియమం చాలు. పురావస్తు శాఖ కట్టడాల సంగతి వేరు. చాలాకాలం ఎన్నోచోట్ల ఫొటోలు నిషేధించిన ఆ శాఖ, 2018 జులైలో అజంతా గుహలు, లేహ్ ప్యాలెస్, తాజ్‌మహల్ సమాధి మందిరం తప్ప మిగతా రక్షిత కట్టడాలన్నిటిలో అనుమతించింది. బొమ్మల విషయంలోనూ ఒక అపోహ ఉంది. ట్యాంక్‌బండ్ మీది విగ్రహాన్ని ఫొటో తీస్తే కాపీరైటు ఉల్లంఘన కాదు. బహిరంగ స్థలంలో శాశ్వతంగా నిలిపిన శిల్పాలకు 1957 కాపీరైటు చట్టంలోని 52వ సెక్షనే మినహాయింపు ఇచ్చింది.

తీయకూడని చోటని ఎలా తెలుస్తుంది

వంతెనను తీసినా, రైలును తీసినా, ప్రభుత్వ ఆఫీసును తీసినా "ఇది సెక్యూరిటీ ఏరియా" అనే మాట వినబడుతుంది. ఈ మాటకు మూలం 1923 నాటి అధికార రహస్యాల చట్టం. అందులో "నిషేధిత స్థలం" అనే నిర్వచనం ఉంది. రక్షణ స్థావరాలు, ఆయుధాగారాలు, ప్రభుత్వ యుద్ధనౌకలు, విమానాలు నేరుగా అందులోకి వస్తాయి. రైల్వే లైను, రోడ్డు, నీటి సరఫరా, విద్యుత్ కేంద్రం లాంటివి మాత్రం ఊరికే రావు. కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించాలి, ఆ ప్రకటన ప్రతిని అక్కడ ఇంగ్లీషులోనూ స్థానిక భాషలోనూ అతికించాలి. మన దగ్గరైతే తెలుగులో బోర్డు ఉండాలన్నమాట. ఈ ఒక్క వాక్యం తెలిస్తే వంతెనల మీద జరిగే తగాదాల్లో సగం సద్దుమణుగుతాయని నాకనిపిస్తుంది.

ఇంకో మెలిక ఉద్దేశం. దేశ భద్రతకు, ప్రయోజనాలకు హాని చేసే ఉద్దేశంతో తీస్తేనే మూడో సెక్షను కింద గూఢచర్యం అవుతుంది. అయితే ఆ ఉద్దేశాన్ని పరిస్థితులను బట్టి, మనిషి నడవడికను బట్టి ఊహించవచ్చని కూడా అదే సెక్షను చెబుతుంది. పోలీసుకు ఇది చాలా వెసులుబాటు. దానికి కోర్టులు గీత గీసిన సందర్భాలున్నాయి. మహారాష్ట్రలోని వార్ధాలో పోలీస్‌స్టేషన్ లోపల వీడియో తీసిన వ్యక్తి మీద ఈ చట్టం కింద కేసు పెడితే, 2022లో బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి కొట్టేసింది. పోలీస్‌స్టేషన్ నిషేధిత స్థలం కాదని తేల్చింది.

చోటు, సందర్భం కలిసి ఎలా పనిచేస్తాయో విశాఖపట్నంలో చూడొచ్చు. 2016 ఫిబ్రవరిలో అక్కడ అంతర్జాతీయ నౌకాదళ సమీక్ష జరిగింది. ఆర్.కె. బీచికి జనాన్ని రమ్మని పిలిచి మరీ విన్యాసాలు చూపించారు, జనం కళ్లారా చూసి ఫొటోలు తీసుకున్నారు. అదే బీచిలో కురుసుర జలాంతర్గామి ఏకంగా మ్యూజియం. కానీ అదే నగరంలో ఇన్నేళ్లూ ప్రయాణికుల విమానాలు దిగింది ఐఎన్‌ఎస్ డేగా అనే నౌకాదళ స్థావరం రన్‌వే మీద. అక్కడ కిటికీలోంచి ఫోను పెట్టడం వేరే సంగతి. 2025 మేలో, ఆపరేషన్ సిందూర్ తర్వాత, పశ్చిమ సరిహద్దు దగ్గరి రక్షణ శాఖ విమానాశ్రయాల్లో విమానం 10,000 అడుగుల ఎత్తు చేరేదాకా కిటికీ తెరలు దించాలని కూడా పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆదేశించింది.

భద్రత పేరుతో అనుమానించేవాళ్ల వాదనలో పస లేదనలేం. 2008 ముంబై దాడులకు ముందు డేవిడ్ హెడ్లీ అనే ఉగ్రవాది పర్యాటకుడిలా తిరుగుతూ తాజ్ హోటల్ లాంటి చోట్ల వీడియోలు తీసుకున్నాడు. అవతలి వాదన బలం కూడా తక్కువది కాదు. బ్రిటన్‌లో 2000 నాటి ఉగ్రవాద నిరోధక చట్టంలోని 44వ సెక్షను కింద పోలీసులు కారణం చూపకుండానే ఎవరినైనా ఆపి సోదా చేసేవారు. ఫొటోగ్రాఫర్లు దీనికి పదేపదే గురై, 2010 జనవరిలో లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో నిరసనకు కూడారు. 2009-10లో ఈ సెక్షను కింద లక్షమందికి పైగా సోదా చేస్తే ఉగ్రవాద నేరం మీద ఒక్క అరెస్టూ జరగలేదు. ఆ అధికారం మానవ హక్కులకు విరుద్ధమని ఐరోపా మానవ హక్కుల కోర్టు కూడా అన్నాక దాన్ని మార్చారు. విశాఖలోనే 2019 డిసెంబరులో బయటపడ్డ గూఢచర్యం కేసు చూడండి. "ఆపరేషన్ డాల్ఫిన్ నోస్" పేరుతో పోలీసులు పట్టుకున్న వారిలో ఏడుగురు నౌకాదళ సిబ్బందే. సోషల్ మీడియాలో పరిచయమైన వ్యక్తుల వలలో పడి నౌకల సమాచారం చేరవేశారన్నది ఆరోపణ. బీచిలో ట్రైపాడ్ వేసుకున్నవాడికీ దానికీ సంబంధమే లేదు. నిజమైన గూఢచారి కెమెరా వాడడని కాదు. ఎదురుగా నిలబడి కనబడేలా తీసేవాళ్లలో అతను దొరికే అవకాశం బహుతక్కువ.

ఆడవాళ్ల ఫొటో: నేరం ఎక్కడ మొదలవుతుంది

ఇక్కడ భయం చాలా సూటిది, అనుభవం నుంచి వచ్చింది. బస్సులో ఎదురుసీటులోని ఫోను తన వైపే ఎందుకు నిలబడిందో గమనించుకోవాల్సిన అవసరం రాని ఆడపిల్ల మన ఊళ్లలో దాదాపు ఉండదు.

చట్టం దీన్ని ఎలా చూస్తుందో ఉదాహరణలతో చెప్పుకుందాం. బట్టల షాపు ట్రయల్ రూములో ఒకడు చాటుగా ఫోను పెట్టాడు. ఇది భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 77వ సెక్షను కింద నేరం. ఏకాంతం ఉంటుందని నమ్మే చోట, బట్టలు మార్చుకోవడం, స్నానం లాంటి సమయంలో స్త్రీని చూసినా, చిత్రీకరించినా, ఆ చిత్రాన్ని పంచినా మొదటిసారి ఏడాది నుంచి మూడేళ్ల జైలు. ఇందులో ముఖ్యమైన వివరణ ఒకటుంది: తీయడానికి ఒప్పుకుని పంచడానికి ఒప్పుకోకపోతే, పంచినవాడు నేరస్థుడే. రెండో ఉదాహరణ: మెట్రో ఎస్కలేటర్ మీద ముందున్న అమ్మాయి దుస్తుల కిందినుంచి ఒకడు ఫోను పెట్టాడు. బహిరంగ స్థలం కదా అనే వాదన ఇక్కడ చెల్లదు. ఐటీ చట్టం 66ఈ సెక్షను శరీరంలోని మరుగు భాగాలను అనుమతి లేకుండా తీయడాన్ని, చోటు బహిరంగమైనా కాకపోయినా, నేరమే అంటుంది.

మూడోది చిక్కు ప్రశ్న. రోడ్డు మీద మామూలుగా నడిచి వెళ్తున్న స్త్రీని ఒకడు ఆమెకు ఇష్టం లేకుండా తీశాడు. ఇంటి ముందు నిలబడి ఉన్న స్త్రీని ఫొటోలు తీసిన కేసులో 2024 నవంబరులో కేరళ హైకోర్టు, ఇది పైన చెప్పిన చాటు చిత్రీకరణ నేరం కిందికి రాదంది. అయితే స్త్రీ గౌరవానికి భంగం కలిగించే చేష్ట అన్న సెక్షను (ఇప్పటి 79) వర్తించే వీలుందని కూడా అంది. 2025 డిసెంబరులో సుప్రీంకోర్టు పశ్చిమ బెంగాల్ కేసులో అదే దారిలో నడిచింది. ఏకాంత చర్య జరగనప్పుడు అనుమతి లేకుండా ఫొటో తీయడం మాత్రమే ఆ నేరం కాదని నిందితుణ్ణి విడుదల చేసింది. వెంటపడి పదేపదే తీస్తే మాత్రం అది వెంటాడడం కిందికి, 78వ సెక్షనులోకి, రావచ్చు.

దీనిమీద అభిప్రాయాలు చీలిపోయి ఉన్నాయి. చట్టం శరీర భాగాల జాబితా పట్టుకుని కూర్చుంది, ఆ చూపులోని అవమానాన్ని పట్టించుకోలేదు అనేవారి మాట నాకు సబబుగానే తోస్తుంది. అనుమతి లేని ప్రతి ఫొటోనూ నేరం చేస్తే ఊరేగింపు ఫొటో, ధర్నా ఫొటో, వరద ఫొటో ఏదీ మిగలదు అనేవారి మాట కూడా కాదనలేను. తెలంగాణలో 2014లో మొదలైన షీ టీమ్స్ అనే పోలీసు బృందాలు కూడా మఫ్టీలో తిరుగుతూ వేధించేవాళ్లను చాటుగా వీడియో తీసి ఆధారంగా చూపుతాయి. చాటు కెమెరా అక్కడ ఆడవాళ్ల పక్షాన నిలబడింది.

ఫొటో తిరిగి రావడం మానేసిన రోజు

మా అమ్మమ్మ ఫొటోకు నిలబడేది కాదు, ఆయుష్షు తగ్గుతుందనేది. ఆవిడ కాలంలో చాలామంది అలా అనేవారు. అయినా చివరికి పెళ్లిళ్లలో నిలబడింది, ఎందుకంటే తీసేది మా ఊరి స్టూడియో ఆయన. ఆయన ఇల్లు తెలుసు, తండ్రి తెలుసు. తీసిన ఫొటో వారంలో చేతికొచ్చేది, ఫ్రేము కట్టించి గోడకు తగిలించేవాళ్లు. ఫొటో ఒక రాకపోకలాంటిది, వెళ్లిన ముఖం తిరిగి ఇంటికొచ్చేది.

ఇంకా వెనక్కి వెళితే, హైదరాబాదులో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లో జనానా స్టూడియో పెట్టాడు. పరదా పాటించే స్త్రీల కోసం అది ప్రత్యేకం. నడిపింది ఒక ఆంగ్ల మహిళ. ఫొటో వద్దన్నది ఆ స్త్రీల పట్టుదల కాదు. ఎవరు చూస్తారు, ఎవరి చేతుల మీదుగా పోతుంది అన్నదే వాళ్ల పట్టింపు. నూటముప్ఫై ఏళ్ల తర్వాత గోంగూర అమ్మే పెద్దావిడ పక్షాన కొట్టతను అడుగుతున్నదీ అదే.

ఇప్పుడు ఫొటో తిరిగి రాదు. దాని కింద ఏ శీర్షిక పెడతారో, ఎవరు నవ్వుతారో, ఏ మీమ్‌లో అతికిస్తారో తెలియదు. థియేటరు బయట పబ్లిక్ టాక్ మైకు ముందు ఒక మాట జారి, ఏళ్లతరబడి ఆ క్లిప్పుతోనే జనం గుర్తుపట్టేవాళ్లున్నారు. 2023 నవంబరులో ఇంకొక యువతి వీడియోకు నటి రష్మిక మందన్న ముఖం అతికించినది దేశమంతా తిరిగింది. ఆ కేసులో ఢిల్లీ పోలీసులు అరెస్టు చేసిన యువకుడు గుంటూరుకు చెందినవాడు. అంత పేరున్న మనిషికే అలా జరిగితే, అడిగే దిక్కులేని మనిషి ముఖం గురించి భయపడడం అతిశయం కాదు.

ఇక్కడే మన చట్టంలో పెద్ద ఖాళీ ఉంది. మన నిబంధనలు ఎక్కువగా ఎక్కడ తీశావు, ఏం తీశావు అని అడుగుతాయి. తీశాక ఏం చేశావు అనే ప్రశ్నకు అక్కడక్కడా మాత్రమే జవాబుంది. 1994లో ఆర్. రాజగోపాల్ కేసులో సుప్రీంకోర్టు, ఒకరి పేరునో రూపాన్నో అనుమతి లేకుండా ప్రకటనలకు వాడుకోవడం ఏకాంత హక్కుకు భంగమేనంది. 2017 ఆగస్టు 24న అదే కోర్టు ఇచ్చిన పుట్టస్వామి తీర్పు, మనిషి బహిరంగ ప్రదేశంలో ఉన్నంత మాత్రాన గోప్యత పోదని, అది చోటుకు కాక మనిషికి అంటిపెట్టుకుని ఉంటుందని చెప్పింది. సూత్రంగా చాలా పెద్ద మాట. కానీ రైతుబజారు ఫొటో ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టొచ్చా లేదా అన్నదానికి అందులో నేరుగా జవాబు దొరకదు.

జర్మనీ ఈ ప్రశ్నను వందేళ్ల కిందటే వేరేగా వేసుకుంది. 1898లో మాజీ ఛాన్సలర్ బిస్మార్క్ చనిపోయినప్పుడు ఇద్దరు ఫొటోగ్రాఫర్లు రాత్రివేళ గదిలోకి చొరబడి మృతదేహాన్ని ఫొటో తీశారు. ఆ దుమారం 1907 చట్టానికి ఒక కారణమైంది. మనిషి చిత్రాన్ని పంచాలన్నా, ప్రదర్శించాలన్నా ఆ మనిషి ఒప్పుకోవాలంటుంది ఆ చట్టం. ఊరేగింపులు, సభలు, దృశ్యంలో పక్కగా పడ్డ మనుషులు, చరిత్ర ఘట్టాల్లోని వ్యక్తులు మినహాయింపు. ఈ పద్ధతిలో గోంగూర అమ్మే ఆవిడ నిండుగా ఉన్న ఫొటోకు ఆవిణ్ణి అడగాలి, బజారంతా కనబడే ఫొటోలో ఆవిడ ఓ మూల ఉంటే అక్కర్లేదు. మనం దీన్ని అలాగే తెచ్చుకోవాలని కాదు. ఆ చట్టం వల్ల వీధి ఫొటోగ్రఫీకి ఊపిరాడదని అక్కడి ఫొటోగ్రాఫర్ల ఫిర్యాదు. కానీ మన కొట్టతను అడగబోయిన అసలు ప్రశ్న అక్కడ చట్టంలోనే ఉంది.

మన 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కొంతవరకు ఈ దిశలోనే వెళుతోంది. 2025 నవంబరులో నియమాలు వెలువడ్డాయి, ముఖ్యమైన బాధ్యతలకు ఏడాదిన్నర గడువిచ్చారు. సొంత, ఇంటి అవసరాలకు చేసేది ఆ చట్టం పరిధిలో లేదు. కుర్రాడు ఫొటోను తన హార్డ్‌డిస్కులో దాచుకుంటే సొంతం. యూట్యూబ్‌లో పెట్టి దానిమీద ప్రకటనల డబ్బు వస్తే? దాన్ని కోర్టులే తేల్చాలి.

పిల్లలు, కొత్త మనిషి, వాట్సాప్

కొత్త ముఖమే నేరమైపోయిన రోజులూ చూశాం. 2018 మే నుంచి జులై దాకా పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయన్న వదంతి తెలుగు ఊళ్లతో సహా దేశమంతా పాకింది. దానికి ఊతమిచ్చిన ఒక వీడియో నిజానికి కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార చిత్రం, చివరి భాగం కోసేసి పంపారు. మే నెలలో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను ఈ అనుమానంతోనే కొట్టి చంపారు. జులై 13న కర్ణాటకలోని బీదర్ జిల్లా ముర్కి గ్రామం దగ్గర హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఒకరు ప్రాణం పోగొట్టుకున్నారు. ఆయన, స్నేహితులు కలిసి వెళ్లినప్పుడు పిల్లలకు చాక్లెట్లు ఇవ్వడం దగ్గర మొదలైంది. తప్పించుకుని కారులో వెళ్తుంటే వాళ్ల వీడియో వాట్సాప్‌లో ముందు ఊరికి చేరిపోయింది, అక్కడ దారి కాశారు. వాళ్లను వెంటాడింది ఫోను కెమెరాయే. తీసినవాడు మాత్రం సొంత ఊరివాడు కాబట్టి ఎవరూ అనుమానించలేదు.

అదే ఏడాది జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాల్లో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి వేరే దారి పట్టారు. పోలీసులు నాలుగు వందలకు పైగా పల్లెల్లో తిరిగి, డప్పు కొట్టి, పాటలు కట్టి, అది అబద్ధమని చెప్పారు. అక్కడ ఇలాంటి చావు ఒక్కటీ జరగలేదు. పిల్లల ఫొటో తీసేవాణ్ణి అడగడంలో తప్పు లేదు. అడగడానికీ చుట్టుముట్టడానికీ మధ్య ఉన్న దూరంలోనే ప్రాణాలు పోయాయి.

డిలీట్ చెయ్యమనే అధికారం ఎవరిది

మళ్లీ బజారుకు వద్దాం. కొట్టతను అడగొచ్చు, అభ్యంతరం చెప్పొచ్చు, పోలీసులను పిలవొచ్చు. ఫోను లాక్కుని ఫొటోలు తుడిపించే హక్కు మాత్రం అతనికి ఏ చట్టమూ ఇవ్వలేదు. కుర్రాణ్ణి వెళ్లనివ్వకుండా దారికి అడ్డు నిలబడితే అది అక్రమంగా అడ్డగించడం, న్యాయ సంహిత 126వ సెక్షను కింద నెల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. మామూలు పౌరుడు ఇంకొకరిని పట్టుకునే సందర్భం ఒకటుంది. నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 40వ సెక్షను ప్రకారం, బెయిలు హక్కుగా రాని, పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చేయగల నేరం కళ్లెదుట జరిగితే పట్టుకోవచ్చు, ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించాలి. అమ్మే మనిషి ఫొటో తీయడం అందులోకి రాదు.

డిలీట్ గురించి ఒక మాట. కుర్రాడు నిజంగానే నేరం చేసుంటే ఆ ఫొటోలే ఆధారం. తుడిపించినవాళ్లు బాధితురాలి కేసును చేజేతులా తుడిపేసినట్టే. పోలీసులు నేరం అనుమానంతో ఫోను స్వాధీనం చేసుకోవచ్చు. ఆ సోదాను, స్వాధీనాన్ని వీడియో తీయాలని సురక్షా సంహిత 105వ సెక్షను వాళ్లనే ఆదేశిస్తోంది.

కనబడే కెమెరా మీదే కోపం

స్తంభం మీది సీసీ కెమెరా సంగతి మిగిలింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో వచ్చిన ప్రజా భద్రతా చట్టం, జనం ఎక్కువగా వచ్చే సంస్థలు కెమెరాలు పెట్టి 30 రోజుల దృశ్యాలు దాచాలంటుంది. ఆ పెద్దావిడ ముఖం కుర్రాడి దగ్గర రెండు ఫొటోల్లో ఉంది, స్తంభం మీది కెమెరాలో నెలంతా ఉంది. 2021లో హైదరాబాద్‌లో పోలీసులు రోడ్డు మీద ఆపి, మాస్కు తీయించి ముఖం ఫొటో తీశారని ఒక సామాజిక కార్యకర్త అభ్యంతరం చెప్పారు. ఆ మాట చివరికి ముఖ గుర్తింపు సాంకేతికత మీద తెలంగాణ హైకోర్టులో వ్యాజ్యమైంది.

2025 మేలో కెమెరా అమర్చిన రేబాన్ మెటా కళ్లజోళ్లు మన మార్కెట్లోకి వచ్చాయి. రికార్డు చేస్తున్నప్పుడు ఫ్రేము మూల చిన్న దీపం వెలుగుతుంది. పట్టపగలు, రైతుబజారు రద్దీలో, గోంగూర కట్ట కోసం వంగిన మనిషి కళ్లజోడు మీద ఆ దీపాన్ని కొట్టతను చూస్తాడా? మెడలో పెద్ద కెమెరా వేసుకుని నవ్వుతూ ఎదురుగా నిలబడ్డ కుర్రాణ్ణి మాత్రం తప్పకుండా ఆపుతాడు.